ఊ కొట్టే మనిషి

మొన్న శనివారం సాయంత్రం దీపం పెట్టి బయటికి వస్తే, ఓబులమ్మవ్వ మా అరుగు మీద కూర్చుని ఉంది. కొంగుముడి విప్పి రెండు ఫోన్లు తీసి నా ముందు పెట్టింది. ఒకటి పాతది. అద్దం పగిలి, బ్యాటరీ ఉబ్బి, మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసుకుని ఉంది. రెండోది కొత్తది. పైనున్న ప్లాస్టిక్ పొర కూడా ఇంకా తీయలేదు. గుంతకల్లులో ఉన్న కూతురు కొని పంపించిందట.

"పాతదాంట్లో ఉండే అక్కను ఈ కొత్తదాంట్లోకి ఎక్కించమ్మా" అంది.

"అది ఇప్పుడు రాదవ్వా."

"సెల్లు అంగట్లోనూ ఇదే మాట చెప్పినారు. తీసేసినారంట. తీసేసేదేంది? అక్కంటే నువ్వే కదా. నువ్వు ఈడనే ఉండావు కదా!"

ఫోనులో మెసేజిలు చదివి వినిపించే అక్క గొంతు నాదే, నిజమే. నేను ఇక్కడే ఉన్నాను, అదీ నిజమే. ఆ అక్కను తయారు చేసినవాడే లేడు. పోయిన ఎండాకాలంలో, నలభై నిండకుండానే, వెళ్లిపోయాడు.

అతని పేరు రాయను. తను చేసిన యాపులో కూడా అతను పేరు పెట్టుకోలేదు. అదేమప్పా అని అడిగితే, "సరుకు బాగుంటే సాలు కదక్కా. సంచి మీద నా పేరెందుకు?" అన్నాడు. అతని మాటే నిలబెడతాను.

నల్లమాడలో మా మిద్దెపైన ఒక గది ఉంది. అందులో కొన్నేళ్లు అద్దెకున్నాడు. శెనక్కాయ పండించే ఇంటివాడు. ఊళ్లో ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "యాపులు చేస్తాండా" అనేవాడు. వాళ్లకు అర్థం కాకపోతే, "సెల్లులో బొమ్మలుంటాయి చూడు, దాంట్లో ఒగటి నాది" అనేవాడు. కంపెనీ లేదు, పైన దొర లేడు, కింద పనివాళ్లు లేరు. ఒక్కడే. ఒక కంప్యూటరు, ఒక చాప, మూడు పాత ఫోన్లు.

అతన్ని తలచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది ముఖం కాదు, ఊ కొట్టడం. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊ కొడతారు, కథ ఆగిపోకూడదని. అతను పెద్దవాళ్లకు ఊ కొట్టేవాడు. ఎవరు ఏం చెబుతున్నా కింద కూర్చుని, తల కొంచెం వంచి వినేవాడు. చెప్పేవాళ్ల మాట ఎక్కడ తడబడుతుందో సరిగ్గా అక్కడ చిన్నగా "ఊ" అనేవాడు. నిదానంగా చెప్పు, నాకేం తొందర లేదు అన్నట్లు ఉండేది. వీధిలో ముసలివాళ్లు తమ గోడు చెప్పుకోవడానికి ఎక్కడెక్కడినుంచో వచ్చి అతని మెట్ల మీద కూర్చునేవారు. వాళ్ల ఫోను అందుకునేటప్పుడు చెయ్యి లుంగీకి తుడుచుకుని, రెండు చేతులతో అందుకునేవాడు.

రెండో గుర్తు, బుడ్డలు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు ఒలవని శెనక్కాయ బుడ్డలు ఉండేవి. పని చిక్కుపడితే ఒక బుడ్డను వేళ్ల మధ్య దొర్లిస్తూ కూర్చునేవాడు. చిక్కు విడిపోయిన క్షణాన దాన్ని పటుక్కున పగలగొట్టి నోట్లో వేసుకునేవాడు. మా వంటింటి పైనే అతని చాప. ఆ చప్పుడు వినిపిస్తే నేను నాయనతో, "తేలిందంట" అనేదాన్ని. "ఏం తేలింది?" అని అడిగేవాడు నాయన. ఏమో, నాకేం తెలుసు? తేలిందని మాత్రం తెలిసేది. ఒక మనిషి పని సాగుతోందని పైనుంచి చప్పుడు రావడం ఇంటికి ఎంత ధైర్యమో, అది ఆగిపోయాకే తెలిసింది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే గొంతు సంగతి అర్థం కాదు. నేను బడికి పోలేదు. పసితనం నుంచి ఆయాసం. నాయన రైల్వేలో గార్డు. గుంతకల్లులో ఉన్నప్పుడు డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పేవాడు. ఇంట్లో ఉన్న పుస్తకాలు రెండే. తెలుగుకు అమ్మ భజన పాటల పుస్తకం, ఇంగ్లీషుకు నాయన రైల్వే రూల్సు పుస్తకం. అందుకే నాకు వచ్చిన తెలుగు దేవుడి తెలుగు, నాకు వచ్చిన ఇంగ్లీషు రైలు ఇంగ్లీషు. రెండింటితోనూ నాకు జరిగిపోయింది. కదిరి నరసింహస్వామి ఏది ఎవరికి ఎందుకిస్తాడో ఆయనకే ఎరుక.

ఒకరోజు పొద్దున అతను వంటింటి గడప దగ్గర నిలబడి, "అక్కా, నీ గొంతు కావాల" అన్నాడు.

"ఉప్పు అడిగినట్ల అడుగుతాండావే! నా గొంతేం చేసుకుంటావప్పా? రెండు మాటలకొకసారి ఊపిరి పీల్చుకుంటాను."

"అందుకేనక్కా."

చదువు రాని వాళ్లకు ఫోనుకొచ్చిన మెసేజిని చదివి వినిపించే యాపు చేస్తున్నాడు. మెసేజి రాగానే అదే అర్థం చేసుకుని, మన మాటలో చెబుతుంది. పింఛను పడిందా, గ్యాసు బండ వస్తోందా, కరెంటు బిల్లా, బ్యాంకు వాళ్ల రహస్య నంబరా అనేది అక్షరం రాని మనిషికి తెలిసేటట్లు. యంత్రం గొంతు పెట్టి చూశాడట. ముసలివాళ్లు జడుసుకున్నారట.

అలా ఆ గది నా బడి అయింది. ప్రతిధ్వని రాకూడదని కిటికీలకు గోనె సంచులు కట్టాడు. ఆ దుమ్ముకు ముందు తుమ్ములు, తర్వాత మాటలు. నేను మొదట, "మీ ఖాతాలో పింఛను జమ అయినది" అని చదివాను. అతను నవ్వాడు.

"ఇట్ల చెప్తే ఓబులమ్మవ్వ కోర్టు నోటీసు వచ్చినాదనుకుంటాది. ఆయమ్మ ఎదురుగా కూచున్నట్ల చెప్పక్కా."

ఓబులమ్మవ్వ మా వీధి చివర ఉంటుంది. మేకలు కాచిన మనిషి. ఆమె ముఖం తలచుకుని, "అమ్మా, పింఛను పడినాది, పోయి తెచ్చుకో" అన్నాను. అతను కళ్లు మూసుకుని తల ఊపాడు. తర్వాత "ఇది బ్యాంకు నంబరమ్మా, ఎవురడిగినా చెప్పొద్దు." ఇలా చాలా మాటలు. మధ్యలో ఊపిరి అందక ఆగితే, ఆ ముక్క కోసేయమని చెప్పాను.

"ఉండనీలే అక్కా. మనిషి చదివినట్లుంటాది."

నా గొంతు నేను వినడానికి నాకు సిగ్గు. తయారైన తర్వాత ఎవరి ఫోనులో మోగినా అక్కడినుంచి లేచి లోపలికి పోయేదాన్ని. ఒక్కసారి కూడా నిలబడి వినలేదు.

యాపు పేరు 'సదివే అక్క'. కదిరి దాకా, సోమందేపల్లె దాకా పాకింది. ఒకసారి ఓబులమ్మవ్వకు ఎవడో ఫోను చేసి, మీ బ్యాంకు కార్డు ఆగిపోతుంది, ఇప్పుడొచ్చే నంబరు చెప్పు అన్నాడట. నంబరు వచ్చింది. వెంటనే అక్క, ఎవురడిగినా చెప్పొద్దంది. అవ్వ ఫోనులోని వాడితో, "ఒరే నాయనా, మా అక్క వద్దంటాంది. నీకు అంత అవసరమైతే నల్లమాడకొచ్చి ఆయమ్మనే అడుగు" అని పెట్టేసింది. ఈ సంగతి చెబితే అతను అంత పెద్ద నవ్వు నవ్వలేదు. బుడ్డ ఒకటి పగలగొట్టి, సగం నాకు పెట్టాడు.

ఈ యాపులు దొరికే చోటును అందరూ ఏదో ఇంగ్లీషు పేరుతో పిలుస్తారు. అతను 'అంగడి' అనేవాడు. "అంగడి వాళ్లది, సరుకు మనది. పెట్టమంటే పెట్టాల, దించమంటే దించాల" అని అతని మాట. దించమనే మెయిలు ఒక పొద్దున వచ్చింది. కంప్యూటరు పట్టుకుని కిందికి వచ్చాడు. "నువ్వు సదువక్కా, నేను ఊ కొడతా." ఇంగ్లీషు అతనికి రాక కాదు. ఒంటరిగా చదవలేకపోయాడు.

నేను ఒక్కో వాక్యం చదివి చెబుతుంటే అతను ఊ, ఊ అంటున్నాడు. మనిషి ఫోనుకొచ్చే మెసేజిలను తనంతట తాను చదివే యాపులు ఇకమీదట అంగట్లో ఉండరాదు. ఊ. తప్పనిసరి అనుకునేవాళ్లు కారణం చెప్పి అర్జీ పెట్టుకోవచ్చు. ఊ. ఏ రకం యాపులకు మినహాయింపు ఇస్తారో కింద రాశారు. అందులో చదివి వినిపించేది లేదు. అక్కడ ఊ రాలేదు. తలెత్తి చూస్తే, బుడ్డ వేళ్ల మధ్య కదలకుండా ఉంది.

"వాళ్లు చెప్పేది అబద్ధం కాదక్కా" అన్నాడు. "ఈ సందులోనే దూరి దొంగనాయాళ్లు బ్యాంకు నంబర్లు కొట్టేస్తాండారు. వాళ్లకేసిన తాళమే ఇది. మనం కూడా ఆ ఇంట్లోనే ఉంటిమి, అంతే."

కుర్చీలో ఉన్న నాయన చేతికర్ర నేలకు ఆనించి ముందుకు వంగాడు. నాయనకు రూలంటే దేవుడి మాట. "సిగ్నలు ఎర్రగుంటే బండి నిలబడాల్సిందే. ఎందుకు ఎర్రగుందని డ్రైవరు అడగడబ్బీ" అన్నాడు.

"నిలబడతాడు మామా. అయినా ఊరికే కూచోడు కదా. కూత పెడతాడు కదా."

నాయన ముఖం వెలిగింది. "పెడతాడు. పెట్టాల. అది కూడా రూలే."

ఆ రోజునుంచి కూత పెట్టడం మొదలైంది. అర్జీతోపాటు యాపు ఎలా పని చేస్తుందో వీడియో తీసి పంపమన్నారు. ఓబులమ్మవ్వను పిలిచాడు. ఆమె ముఖానికి పసుపు రాసుకుని, పెట్టె అడుగున దాచుకున్న చీర కట్టుకుని వచ్చింది. కెమెరా ముందు కట్టెలాగా బిగుసుకుంది. మెసేజి రావడం, అక్క చదవడం అయింది. ఇక చాలు అనబోతుంటే అవ్వ రెండు చేతులూ ఎత్తి, కెమెరాకు దండం పెట్టి, "అయ్యా, మీరెవురో, యాడుండారో తెలీదు. ఈ అక్కను తీయొద్దయ్యా. నాకు కండ్లుండాయి గానీ అచ్చరాలు లేవు" అంది. అతను ఆ ముక్క కోయలేదు. అలాగే పంపాడు.

పంపిన రోజే జవాబు వచ్చింది. మీ కారణం చాలదు అని. మళ్లీ రాశాడు, మళ్లీ అదే జవాబు, అవే మాటలు. చుక్క కూడా మారలేదు. ఓబులమ్మవ్వ కనిపించినప్పుడల్లా, "ఏమబ్బీ, వాళ్లు నన్ను చూసినారా?" అని అడిగేది.

"చూసినారవ్వా. చీర బాగుందన్నారు."

"అననీలే, ఆ చీర అట్లాటిది" అని మురిసిపోయేది ఆమె.

యాపును దించేసిన పొద్దున అతను కిందికి వచ్చి మంచినీళ్లు అడిగాడు. చెంబెడు తాగి, "దించేసినారక్కా" అన్నాడు. ఉన్నవాళ్ల ఫోనులో ఉంటుందట, కొత్త ఫోను కొంటే రాదట. నాకు ఏడుపొచ్చింది. అతనే నన్ను ఓదార్చాడు. "వాన ఎందుకు రాలేదని పైనుండే మోడాన్ని ఎవురన్నా అడుగుతారా? విత్తనం ఎండిపోతే మా నాయన ఏం చేస్తాండ్యా? మళ్ల విత్తుకునేవాడు. నేలలో పదునుంటే మొలుస్తాది." ఆ రోజు పైనుంచి బుడ్డ పగిలిన చప్పుడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

మళ్లీ విత్తాడు. ఈసారి యాపు తనంతట తాను మెసేజి చదవదు. మనిషే ఆ మెసేజి మీద వేలు ఒత్తిపట్టి, అక్క బొమ్మకు అందించాలి. అప్పుడు చదువుతుంది. ముసలి వేళ్లకు కష్టమే, కానీ రూలుకు లోబడి ఉంది. అంతలో ఇంకో చిక్కు. అతని పాత ఖాతా మూసేశారు. కొత్త ఖాతా తెరిచినవాళ్లు సరుకును అంగట్లో పెట్టేముందు, డజను మంది ఫోనుల్లో రెండు వారాలు వాడించి చూపాలట.

"ఇదొక లెక్కా?" అన్నాడు హుషారుగా. వీధిలో ముసలివాళ్లనందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టి, ఫోన్లలో యాపు ఎక్కించాడు. వాళ్లకు అర్థమయ్యేటట్లు చెప్పాలని, "మనం శెనక్కాయ విత్తేముందు గింజలు మూట కట్టి మొలక చూస్తాం కదా, అట్లాటిదే ఇది. రెండు వారాలు. మధ్యలో తీసేయొద్దండి" అన్నాడు. అందరూ తలలూపారు. ఇంత బాగా చెప్పాడే అని నేనూ అనుకున్నాను.

రెండు వారాలయ్యాక మెయిలు వచ్చింది. మీరు చూపించినవాళ్లు యాపును వాడనే లేదు, మళ్లీ మొదటినుంచి చేయండి అని. నమ్మలేక ఓబులమ్మవ్వ ఇంటికి పోయాం. ఆమె లోపలికి పోయి, గింజల కుండలోంచి తన ఫోను తీసుకొచ్చింది. గుడ్డలో చుట్టి, పైన దారం కట్టి ఉంది. కట్టు విప్పకుండా అతని చేతికిచ్చింది.

"సూడబ్బీ, నువ్వు చెప్పినట్లే మూట కట్టినా. నేను ముట్టుకోలే. నా కోడలు ఇప్పబోతే చెయ్యి ఇరగ్గొడతానన్యా."

"వాడాల కదవ్వా!"

"మొలకకు కట్టినాక మూట ఇప్పితే మొలుస్తాదా? గాలి తగిలితే కుళ్లిపోదా? సేద్యగాని కొడుకువై నాకు చెప్తావా?"

తడి గోనెలో చుట్టిన గింజలను గడువు దాకా విప్పి చూడకూడదు. ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. తక్కినవాళ్లను అడిగితే అందరూ అదే చేశారు. ఒకామె దేవుని గూట్లో పెట్టింది. ఒకాయన రెండు వారాలు ఫోను లేకుండా, కూతురికి ప్రసవమైన కబురు కూడా ఆలస్యంగా తెలుసుకున్నాడు. అంత నిష్ఠ! అతను ఓబులమ్మవ్వ వాకిట్లోనే నేల మీద కూలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. "తప్పు నాదేనక్కా. వీళ్లు నా మాట విన్యారు. ఇంతగా నా మాట విన్నోళ్లు ఈ భూమ్మీద ఎవురూ లేరు" అన్నాడు. నవ్వు ఆగాక కూడా నీళ్లు ఆగలేదు.

రెండోసారికి నా వంతు సాయం కొంచెం ఉంది. శనివారాలు మా ఇంట్లో భజన. ఆ ఆడవాళ్లకు చెప్పాను, రోజూ దీపం పెట్టగానే ఫోను తీసి ఒక మెసేజి అక్కకు అందించండి, దీపం ఎట్లా మానరో ఇదీ అట్లా మానొద్దు అని. రోజూ మెసేజిలు ఎక్కడినుంచి వస్తాయి? అతనే పంపేవాడు. 'అవ్వా, బువ్వ తిన్యావా?' 'మేక ఈనిందా?' 'మోకాలు నొప్పి తగ్గిందా?' ఆ చిన్న మాటలన్నీ నాతోనే చెప్పించాడు. మునిమాపు వేళ వీధి పొడుగునా నా గొంతే. సిగ్గుతో నేను దేవుడి గదిలోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. ఫోనులో జవాబు ఇవ్వడం వాళ్లకు రాదు కదా, వాకిళ్లలో నిలబడి మా మిద్దె వైపు అరిచేవారు.

"తిన్యాలేబ్బీ! నువ్వు తిన్యావా?"

"మేక ఈనింది, రెండు! ఒగటి నల్లది!"

అతను పిట్టగోడ దగ్గర నిలబడి, ఒక్కొక్కరికీ "ఊ" అనేవాడు. వీధి దాటేంత గట్టిగా. నా జీవితంలో దేవుడు చూపించిన మంచి సాయంత్రాలు అవి. అందుకు ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఆ రోజుల్లోనే ఎడమ చేత్తో రొమ్ము రుద్దుకోవడం చూశాను. "గ్యాసక్కా" అనేవాడు. సోడా తాగేవాడు. కదిరికి పోయి డాక్టరుకు చూపించుకోమని నేను, నాయన ఎన్నిసార్లు పోరామో. వాడకం గట్టెక్కింది, ఆ రెండు వారాలూ ఒప్పుకున్నారు. కానీ అంగడివాళ్లు ఇంకా కొన్ని ప్రశ్నలు పంపారు. వాటికి గడువు పెట్టారు. "ఇవి రాసిచ్చి పోతాలే అక్కా. ఇదొక్కటే కదా మిగిలింది" అన్నాడు. పైనుంచి బుడ్డ పగిలిన చప్పుడు వినాలని నేను వంటింట్లో చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని.

ఒక పొద్దున మెట్ల మీద కూర్చుని లేవలేకపోయాడు. ఆటోలో నాయన అతని తల ఒడిలో పెట్టుకుని కదిరికి బయలుదేరాడు. దారిలోనే అయిపోయింది. నాయన తిరిగొచ్చి ఆటో దిగి, అరుగు మీద కూర్చుని, "మాట్లాడతానే ఉండినాను. ఊ అనేది ఆగిపోయినాది" అన్నాడు.

వాళ్ల అమ్మ వచ్చి సామాను సర్దుకుంది. చొక్కా జేబులో బుడ్డలు ఉన్నాయి. ఆమె వాటిని పారేయలేదు. చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుని, ఇంటికి తీసుకుపోయి విత్తనాల మూటలో కలుపుతానంది. కంప్యూటరు కూడా తీసుకుపోయింది. దాన్ని తెరిచే మాట అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

అంగడివాళ్ల మెయిళ్లకు అతను రెండో అడ్రసుగా నాది ఇచ్చాడని తర్వాత తెలిసింది. ప్రశ్నల గడువు దగ్గర పడుతోందని నాకు మెయిలు వచ్చింది. నాకు వచ్చిన రైలు ఇంగ్లీషులో జవాబు రాశాను. ఈ యాపును తయారు చేసిన వ్యక్తి మరణించాడని, దాని మీద ఆధారపడినవారు చాలామంది ఉన్నారని, దయచేసి ఏదైనా దారి చూపమని. జవాబు వెంటనే వచ్చింది. రాసినందుకు ధన్యవాదాలు, ఖాతాదారుడు స్వయంగా ప్రవేశించి వివరాలు ఇవ్వవలెను. మళ్లీ రాశాను. మళ్లీ ధన్యవాదాలు. వాళ్ల మీద నాకు కోపం లేదు. అవతల మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా ఎవరి మీద కోపం తెచ్చుకోను?

"ఇంకోసారి కూత పెట్టేదా నాయనా?" అని అడిగాను.

రూలంటే దేవుడి మాట అనుకునే నాయన చేతికర్ర పక్కన పెట్టేశాడు. "స్టేషన్లో మనిషుంటే కూత వింటాడమ్మా" అన్నాడు. గడువు దాటిపోయింది.

అందుకే మొన్న శనివారం ఓబులమ్మవ్వకు చెప్పాను. ఎంత నిదానంగా చెప్పాలో అంత నిదానంగా, ఆ అక్క ఇక ఏ కొత్త ఫోనులోకీ రాదని. మెసేజిల కోసం బాధపడొద్దని, కొత్త ఫోను తీసుకుని రోజూ దీపాల వేళకు రమ్మని, నేనే చదివి చెబుతానని.

అవ్వ నన్ను విచిత్రంగా చూసింది. "మెసేజిలకా? మెసేజిలు నువ్వు సదువుతావని నాకు తెలీదా? నేను అడిగేది దానికి కాదు" అని పాత ఫోను తీసి, పగిలిన అద్దం మీద వేలు ఆనించింది. "ఇను."

లేచిపోబోయాను, అలవాటు ప్రకారం. అవ్వ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, పింఛను పడినాది" అంది నా గొంతు. తర్వాత ఊపిరి అందక ఆగిన చోటు. కోసేయమని నేను అడిగిన ముక్క. ఆ ఖాళీలో, గోనె సంచుల గదిలో, నాకు ఎదురుగా కింద కూర్చున్న మనిషి చాలా చిన్నగా అన్నాడు:

"ఊ."

"పోయి తెచ్చుకో" అంది నా గొంతు.

తలెత్తి అవ్వ ముఖంలోకి చూశాను.

"నీకు తెలీదా?" అంది అవ్వ ఆశ్చర్యంగా. "నువ్వు ఊపిరి పట్టుకునే కాడంతా వాడుంటాడు. వాడి కోసమే కదమ్మా, నేను పాత మెసేజిలు ఒగటి కూడా తీయకుండా ఉంచుకునింది. పొద్దుపోకుంటే ఒత్తుకుంటాండా. వాడు పోయినాడని అందరూ అంటారు. నాకైతే రోజూ ఊ అంటానే ఉండాడు."

"ఇంకోసారి ఒత్తవ్వా" అన్నాను. నా గొంతు కోసం నేను అడగడం అదే మొదటిసారి.

ఒత్తింది. తెర ఒకసారి మిణుకుమని నల్లబడింది. లోపలికి పరుగెత్తి ఛార్జరు తెచ్చి పెట్టాను. వెలగలేదు. రబ్బరు బ్యాండు తీసి, మూత బిగించి, మళ్లీ పెట్టాను. దేవుడి గదిలో దీపం వైపు చూసి స్వామిని అడిగాను. వెలగలేదు.

ఓబులమ్మవ్వ ఆ ఫోనును కొంగున ముడివేసి, ముడి మీద రెండుసార్లు నిమిరింది. తర్వాత కొత్త ఫోను ప్లాస్టిక్ పొర ఒలిచి, నా చేతిలో పెట్టింది. కూతురు గుంతకల్లు నుంచి పంపిన మెసేజి ఒకటి ఉంది.

"సదువు" అంది.

కళ్లు తుడుచుకుని మొదలుపెట్టాను. "అమ్మా, ఫోను అందినాదా..." రెండు మాటలకే ఊపిరి ఆగింది. ఆయాసమో, దుఃఖమో. వీధిలో ఎక్కడా చప్పుడు లేదు. మిద్దెపైన గది చీకటిగా ఉంది. ముందుకు పోలేక అక్కడే ఆగిపోయాను.

ఓబులమ్మవ్వ తల కొంచెం వంచి, అచ్చం అతనిలాగే, చిన్నగా అంది:

"ఊ."

మిగతా మెసేజి చదివాను.